చిక్కం విప్పిన చెయ్యి

“చూడ్డానికి బుద్ధిమంతుల్లాగే ఉంటాయే ఆ నీళ్ళు. లోతెంతో ఎవడికి తెలుసు? ఆ పంతులమ్మల్లో ఒకత్తె ఫొటో అంటూ అంచుకెళ్ళి జారిందనుకో. ఏం చేస్తావు? పోలీసులొచ్చి నిన్ను పట్టుకుపోతే మీ నాన్నకి నేనేం చెప్పుకోను?”

తూదా ఈ మాట అనేసరికి ఇంకా ఎవరూ ఇల్లు కదల్లేదు. లోతెంతో తెలియని ఆ చెరువు ఒకటిన్నర రోజు నడక దూరంలో ఉంది. జారిపడబోయే పంతులమ్మలు ముగ్గురూ అరుగుమీద కూర్చుని బార్లీ రొట్టెలు వెన్నలో అద్దుకుని తింటున్నారు.

కంచరగాడిదమీద బుట్టలు సర్దుతున్న ఈజ్జా నవ్వింది. “ముందు వాళ్ళని ఊరు దాటించనీ అమ్మా. తరవాత ముంచుదువుగాని.”

ఈజ్జాకి ఇరవైమూడేళ్ళు. అట్లాస్ కొండల్లోని ఆ లోయ నుంచి పట్నం వెళ్ళి, పరీక్ష రాసి, దారి చూపించే పనికి కార్డు తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల. ఇది ఆమె మొదటి జట్టు. కాసాబ్లాంకా నుంచి వచ్చిన ఈ ముగ్గురికీ మూడు చెరువులూ, రెండు కనుమలూ, వాటి నడుమ పచ్చికబయళ్ళూ చూపించి నాలుగో రోజుకి క్షేమంగా దింపాలి. వంటకి ఆడమనిషి అయితే బాగుంటుందని వాళ్ళన్నారు. ఊళ్ళో వంట వచ్చిన ఆడవాళ్ళకి కరువా? కానీ తూదా మూడు రాత్రులు తను నిద్రపోక, కూతుర్ని పోనివ్వక, ఆ పని తనకే దక్కించుకుంది. మొగుడు ఇంట్లో ఉంటే “దాన్ని ఊపిరి పీల్చుకోనివ్వవే” అని కసిరేవాడేమో. ఆయన కింద మైదానాల్లో నారింజతోటల పనిలో ఉన్నాడు.

మొదటి రోజంతా తూదా తలలు లెక్కపెడుతూ నడిచింది. మలుపు తిరిగినప్పుడల్లా ఒకటి, రెండు, మూడు, ఈజ్జాతో నాలుగు. మొదటి చెరువు దగ్గర, అందరిలోకీ పెద్దావిడ గిజ్లాన్ బూట్లు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టింది. తూదా వెనకనుంచి వెళ్ళి ఆవిడ కోటు అంచు పట్టుకుని నిలబడింది.

“మీ అమ్మ నన్నెందుకు పట్టుకున్నారు?” అని గిజ్లాన్ అరబ్బీలో అడిగింది.

“గాలికి ఎగిరిపోతారని,” అంది ఈజ్జా.

“నేనా?” గిజ్లాన్ తన నడుం వంక చూసుకుని పగలబడి నవ్వింది. తూదాకి ఆ మాటలు సగమే అర్థమయ్యాయి. అయినా కోటు వదల్లేదు.

రెండో రోజు కనుమ ఎక్కారు. పైన గాలి చెంపల్ని కొడుతోంది. అక్కడ నిలబడి చూస్తే కింద పెద్ద పచ్చిక, దాని మధ్యలో రెండో చెరువు. గడ్డి మోకాలి ఎత్తున, ఎక్కడా ఒక్క కొరుకు లేకుండా, గాలికి ఒకే వైపు పడుకుని మళ్ళీ లేస్తోంది. పంతులమ్మలు మాట మానేశారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఈజ్జా మొహం చూడాలి ఆ నిమిషాన! ఆ గడ్డంతా తనే మొలిపించినట్టుంది.

ఆ పచ్చికకి అప్పుడు మూత ఉంది. వసంతంలో మూసేస్తారు. లోయలోని ఆరు ఊళ్ళవాళ్ళూ కూర్చుని తెరిచే రోజు ఒకటి అనుకుంటారు. ఆ రోజు పొద్దు పొడిచాకే మందలన్నీ ఒక్కసారిగా లోపలికి దిగాలి. నాలుగొందల గొర్రెలున్నవాడిదైనా, ఒక్క ఆవున్న ముసలమ్మదైనా, మొదటి కొరుకు ఒకే పొద్దున. అప్పటిదాకా మనుషులు నడవొచ్చు. బరువులు మోసే జంతువు బాటమీద పోవచ్చు, మూతికి చిక్కం ఉంటేనే. దాణా కావలిస్తే మూతికి సంచీ కట్టి బార్లీ తినిపించాలి, సంచీ తీసిన చేత్తోనే చిక్కం వెయ్యాలి. కాపలాకి ఏటా ఒకణ్ణి గడ్డిపెద్దగా ఎన్నుకుంటారు. ఈ ఏడు బస్సూ అనే ఆయన. తూదాకి వరసకి మరిది.

బాట మొదట్లో బస్సూ రాతిగుడిసె బయటే కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి కంచరగాడిద మూతికున్న చిక్కంలోకి వేలు దూర్చి చూశాడు.

“గట్టిగానే కట్టావే అమ్మాయ్.”

“నా చేత్తో కట్టాను బాబాయ్.”

“మగపిల్లలైతే ఇక్కడ నాకొక సిగరెట్టు ఇచ్చేవాళ్ళు.”

“పిన్నికి చెప్పమంటావా, సిగరెట్లు అడుగుతున్నావని?”

బస్సూ నవ్వుతూ దారి ఇచ్చాడు. తూదా పక్కనించి పోతుంటే, “వదినా, నువ్వు కూడానా! మబ్బుకి కాపలా కాయడానికా?” అన్నాడు. ఆకాశంలో మబ్బు లేదు. తూదా మళ్ళీ ఒకసారి చూసుకుంది, ఎందుకైనా మంచిదని.

ఆ రాత్రి చెరువు పక్క డేరాలు వేసుకున్నారు. తెల్లవారుతుండగా తూదాకి దగ్గు వినిపించింది. మనిషి దగ్గు కాదు. కంబళి కప్పుకుని బయటికి వచ్చింది. కంచరగాడిద మెడ చాపి, పొట్ట ఎగరేస్తూ దగ్గుతోంది. పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న జీవం. తూదా దాని డొక్కకి చెవి ఆనించి విన్నది. లోపల ఏమీ వినపడలేదు. దానికే ఆమెకి భయం వేసింది. దీని కడుపు బిగిసిపోయింది, ఇంక పడిపోతుంది, రెండో కనుమ ఎలా దాటతారు, ఆ ముగ్గురూ బుట్టలు మోయగలరా, మొదటి జట్టుకే ఇలా అయితే ఈజ్జా చేతికి ఇంకొక మనిషిని ఎవరిస్తారు. ఈ అనుకోవడం అంతా అయ్యేసరికి చిక్కం ఆమె చేతిలో ఉంది.

గొంతులో బార్లీ నూగు ఏదైనా ఇరుక్కుందేమో చూద్దామనే విప్పింది. నిజంగా అందుకే. కానీ మూతి ఖాళీ కాగానే అది తల వంచి గడ్డి అందుకుంది. ఒక్క లాగు లాగితే తల ఎత్తేది. తూదా లాగలేదు. కరకరా తెంపుకుంటుంటే దగ్గు ఆగిపోయింది. పోన్లే, ఒక్క పిడికెడు, అనుకుంది. పిడికెడు అయ్యాక ఇంకొక పిడికెడు. ఎండ కొండకొమ్మును తాకేసరికి, ఇద్దరు పడుకునే చాపంత మేర గడ్డి నేలకి అంటుకుపోయి ఉంది. తూదా ఉలిక్కిపడి చిక్కం బిగించింది. డేరాల్లో ఎవరూ లేవలేదు. టీకి నీళ్ళు పెట్టి, పుదీనా తుంచుతూ కూర్చుంది.

మిగిలిన రెండు రోజులూ అది దగ్గలేదు, పడలేదు. పంతులమ్మలు మూడో చెరువు చూసి, రెండో కనుమ దాటి దిగారు. పోతూ పోతూ గిజ్లాన్ ఈజ్జాని వాటేసుకుని, వచ్చే వారం కాక ఆపై వారం తన బడి నుంచి ఇంకో ఎనిమిది మందిని పంపిస్తానంది. తన కోటుమీద తూదా పట్టుకున్న చోటు చూపించి, “ఇదిగో, ఇంకా నలిగే ఉంది,” అని నవ్వింది.

మర్నాడే బస్సూ కిందికి దిగాడు. ఊటబావి దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటున్న వేళ. గాడిద దిగకుండానే అడిగాడు.

“ఈజ్జా, చెరువు పక్క ఒక చాపంత గడ్డి పోయింది. లాడం గుర్తులున్నాయి. ఈ నెలలో మీ కంచరగాడిద తప్ప లాడమున్నది ఏదీ ఆ బాటన పోలేదు.”

ఈజ్జా బిందె దించింది. “చిక్కం నా చేత్తో కట్టాను. నువ్వే వేలు పెట్టి చూశావు.”

“చూశాను. అందుకే అడుగుతున్నాను. లేకపోతే అడక్కుండానే తప్పు వేసేవాణ్ణి.”

“నేను విప్పలేదు బాబాయ్. నమ్మకం లేకపోతే పచ్చిక తెరిచే రోజున వలీ రాయిమీద చెయ్యి పెట్టి చెబుతాను.”

వలీ రాయి అంటే ఆషామాషీ కాదు. ఎప్పుడో పోయిన ఆ పుణ్యాత్ముడే ఇప్పటికీ ఆ పచ్చికకి కావలి. రాయిమీద పెట్టిన చెయ్యి అబద్ధమాడితే ఏడాది తిరక్కుండా ఎండిపోతుందని చిన్నప్పటినుంచీ అందరూ విన్నదే.

తూదా అక్కడే ఉంది. బిందె నిండి పొర్లుతోంది. నోరు తెరిచింది కూడా. ఎదురుగా రఖియా నిలబడి ఉంది. కిందటేడు రఖియా మేక ఒకటి మూత ఉన్న పచ్చికలోకి దూరితే, తప్పుకింద ఊరి మగవాళ్ళందరికీ ఆవిడ వండి పెట్టాల్సి వచ్చింది. అప్పుడు ఇదే ఊటబావి దగ్గర అందరికన్నా గట్టిగా అన్నది ఎవరు? “పిల్లల్ని పెంచినట్టే మేకనీ పెంచింది,” అన్నది తూదాయే. రఖియా చిన్నకొడుకు అప్పుడు జైల్లో ఉన్నాడు. ఆ మాటకి రఖియా బిందె అక్కడే వదిలేసి పోయింది.

తూదా తెరిచిన నోరు మూసుకుంది. “నీళ్ళు పోతున్నాయి వదినా,” అన్నాడు బస్సూ. ఆమె బిందె పక్కకి జరిపింది.

తెరిచే రోజుకి ఇంకా ఎనిమిది రోజులున్నాయి.

చెప్పేద్దామని రోజూ అనుకునేది. పొద్దున రొట్టె కాలుస్తూ అనుకునేది, కాలిన రొట్టె కూతురి చేతిలో పెడుతూ మింగేసేది. తను విప్పలేదని పిల్ల చెప్పేది నిజమే, కానీ విప్పింది ఆ ఇంటి చెయ్యే అయితే వలీ దాన్ని నిజంకింద లెక్కిస్తాడా? ఆయనకి తెలియదా ఎవరు విప్పారో? తెలుసు కాబట్టే, తల్లికి నొప్పి తెలియాలని పిల్ల చేతినే ఎండబెడతాడేమో. ఈజ్జా ఊలు వడుకుతుంటే ఆ వేళ్ళ వంక చూసేది. కుడిచేతి చిటికెన వేలు కొంచెం పాలిపోయినట్టు లేదూ? ఒకసారి ఉండబట్టలేక పట్టుకుని నొక్కి చూసింది.

“ఏంటమ్మా?”

“చల్లగా ఉందేమోనని.”

బస్సూ వచ్చి వెళ్ళిన సాయంత్రమే ఈజ్జా కొట్టంలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. తూదా వెళ్ళి చూసేసరికి, మేకుకి తగిలించిన చిక్కం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. తల్లిని చూసి మళ్ళీ మేకుకి తగిలించింది.

“అమ్మా, నాకేమైనా చెప్పాలా?”

కొట్టంలో వాళ్ళిద్దరూ, కంచరగాడిదా తప్ప ఎవరూ లేరు. అంతకంటే మంచి సమయం దొరకదు. తూదాకి మాట నోటిదాకా వచ్చింది.

“తలకి గుడ్డ కట్టుకోవే,” అంది. “చలిగాలి.”

ఈజ్జా తలకి గుడ్డ కట్టుకుని, పక్కనించి వెళ్ళిపోయింది. ఆ తరవాత మళ్ళీ అడగలేదు.

తెరిచే రోజు వచ్చింది. ఆరు ఊళ్ళ మందలూ పచ్చిక అంచున బారులు తీరి నిలబడ్డాయి. గొర్రెలు గడ్డి వాసనకి ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే కాపరులు చేతులు చాచి ఆపుతున్నారు. పిల్లలకి కొత్తబట్టలు. బస్సూ వలీ రాయి పక్కన నిలబడి ఈజ్జాని పిలిచాడు.

“చిక్కం విప్పలేదని చెబుతావా?”

ఈజ్జా ముందుకి వచ్చి చెయ్యి చాచింది. వేళ్ళు రాయికి జానెడు దూరంలో ఉన్నాయి. తూదా ఆడవాళ్ళ గుంపులో నిలబడి ఉంది. ఇప్పుడు అరవాలి. ఇప్పుడే. ఆమె చూపు కూతురి వేళ్ళమీదే ఉండిపోయింది.

ఈజ్జా తలతిప్పి గుంపులోకి చూసింది. తల్లి కళ్ళు ఎక్కడున్నాయో చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

“విప్పింది నేనే బాబాయ్.”

ఒక్కసారి గోల. “ఆడపిల్లకి కార్డిస్తే కొండ కళ్ళెం చేతికిచ్చినట్టేనా?” అన్నాడొకడు. “మొన్న ఊటబావి దగ్గర ఎంత ధీమాగా చెప్పిందిరా!” అన్నాడింకొకడు. బస్సూ మొహం ముడుచుకుపోయింది. గట్టిగా కోప్పడి ఉంటే బాగుండేది, మెల్లిగా అన్నాడు. “తప్పు సంగతి నీకు తెలుసు. ఊరి మగవాళ్ళకి అన్నం పెట్టాలి. ఇంకో మాట. ఈ బాటన జట్లని నువ్వు తీసుకురాకు. ఆ ఎనిమిది మందినీ వేరేవాళ్ళకి అప్పజెప్పు. మాట నిలబడని చోట చిక్కం ఏం నిలబడుతుంది?”

ఈజ్జా తల ఊపింది. పొద్దు పొడిచింది. కాపరులు చేతులు దించారు. మందలు వరదలా పచ్చికలోకి దిగాయి, జనం ఈలలు వేశారు. ఆ గోలలో తూదా ఒక్కతే నిలబడి ఉంది, నోరు మూసుకుని. అసలు దొంగతనం ఆ రోజు చెరువు దగ్గర చేసింది కాదనీ, ఇప్పుడు చేసిందేననీ ఆమెకి అప్పుడు తెలిసింది.

మూడు రోజులు గడిచాయి. ఈజ్జా కోపంగా లేదు. పని చేస్తోంది, తింటోంది, అడిగినదానికి తల ఊపుతోంది. అంతే.

తప్పుభోజనం శుక్రవారం. వండడానికి చేతిసాయం ఎవరొస్తారని తూదా చూస్తుంటే రఖియా వచ్చింది. చేతులు కడుక్కుని, బార్లీ రవ్వ కుస్కుస్ ఆవిరికి పెట్టి, ఉండలు చిదుపుతూ కూర్చుంది. ఎత్తిపొడుపు మాట ఒక్కటీ అనలేదు. “ఉప్పు తక్కువెయ్యకు. కిందటేడు నాకు చెయ్యి వణికి తక్కువైంది. ఇంకా చెప్పుకుంటున్నారు,” అంది. తూదా మసి కుండ వంక వంగిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే తట్టుకునేది.

మగవాళ్ళు వాకిట్లో పళ్ళేల చుట్టూ కూర్చున్నారు. పొట్టేలు మాంసం, పాతవెన్న వాసన, గుమ్మడికాయ ముక్కలు.

“శిక్ష బాగా ఉడికింది,” అన్నాడొకాయన.

“ఏటా ఒకళ్ళ చిక్కం ఊడితే మన పని బాగుంటుంది,” అన్నాడు పక్కాయన.

“అమ్మాయ్, వచ్చే ఏడు మాంసం ఇంకొంచెం మెత్తగా!”

ఈజ్జా టీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని, తల ఎత్తకుండా, ఒక్కొక్కరి ముందూ పెడుతోంది. ఆ పిల్ల వెనక మెడమీద ఎముక కనిపిస్తోంది. చిన్నప్పుడు తూదా దువ్వి జడ వేసేటప్పుడు కనిపించే ఎముక. రెండో పళ్ళెం మోసుకొస్తున్న తూదా వాకిలి మధ్య ఆగిపోయింది. పళ్ళెం చేతుల్లోనే ఉంది. కింద పెట్టడం మరిచిపోయింది.

“విప్పింది నేను.”

ఎవరికీ సరిగ్గా వినపడలేదు. “ఏంటి వదినా?” అన్నాడు బస్సూ.

“చిక్కం విప్పింది నేను. దగ్గుతోందని విప్పాను. అది తింటుంటే చూస్తూ నిలబడ్డాను. పిల్లకి తెలీదు, అది పడుకుని ఉంది. ఊటబావి దగ్గర నువ్వు అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. రాయి దగ్గరా ఉన్నాను. ఇదిగో ఇక్కడా ఉన్నాను. రఖియాని అన్నమాట నన్నంటారని...” వంటింటి వైపు ఒకసారి చూసింది. “తినండి, కానీ ఎవరి తప్పుకి పెట్టింది తింటున్నారో తెలుసుకుని తినండి.”

నములుతున్న నోళ్ళు ఆగిపోయాయి. వంటింటి గుమ్మంలో రఖియా తడిచేతులు గౌనుకి తుడుచుకుంటూ నిలబడింది. ఎవరో వచ్చి తూదా చేతిలోంచి పళ్ళెం అందుకున్నారు.

బస్సూ చేతిలోని ముద్ద పళ్ళెంలోకి వదిలేశాడు. తూదా వంక చూడలేదు, ఈజ్జా వంక చూశాడు.

“నువ్వు విప్పలేదు. మరి విప్పానని ఎందుకన్నావు? రాయిమీద చెయ్యి పెట్టి నిజమే చెప్పొచ్చుగా? నీ దారి నీకు ఉండేది. ఇప్పుడైనా చెప్పు. సరిగ్గా చెబితే ఆ ఎనిమిది మందినీ నువ్వే తీసుకురా.”

ఈజ్జా చేతిలో ఖాళీ టీ పళ్ళెం ఉంది. కొట్టంలో కంచరగాడిద గిట్టతో నేల గీకిన చప్పుడు వాకిటిదాకా వినిపించింది. తెలియదని చెప్పు తల్లీ, నాకేం తెలియదని చెప్పు, అని తూదా లోపల బతిమాలుకుంది. మళ్ళీ ఆ బతిమాలుకోవడానికే సిగ్గుపడింది.

ఈజ్జా టీ పళ్ళెం నేలమీద పెట్టింది.

“చిక్కం లోపల పచ్చగా మరకుంది బాబాయ్, నువ్వొచ్చిన సాయంత్రమే చూశాను,” అంది. “ఎనిమిది రోజులు మా అమ్మ నా మొహం వంక చూడలేదు. నా చేతుల వంకే చూసింది. అంత భయంగా చూస్తుంటే, ఆ చెయ్యి రాయిమీద ఎలా పెట్టను?”